తొంభై తొమ్మిదో కంపార్ట్‌మెంట్

బెంగళూరు మారతహళ్లిలో మా కింది అంతస్తులో ఉండే మదనపల్లె పిన్నిగారు మొన్న ఆదివారం ఫోను పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. మనవడి అన్నప్రాశన వీడియోను అమెరికాలో ఉన్న చిన్న కూతురికి పంపాలని ఒక యాప్‌లోకి ఎక్కిస్తున్నారు. "తొంభై తొమ్మిది దాకా గబగబా వచ్చింది నాయనా. పది నిమిషాలుగా అక్కడే కూర్చుంది. ఆ ఒక్క శాతంలో అంత బరువేముంది?" అన్నారు.

మొబైల్ యాప్‌లు రాయడమే నా బతుకుతెరువు. ఎంత పని అయిందో శాతాల్లో చూపిస్తూ నిండే అలాంటి గీతలు (ప్రోగ్రెస్ బార్లు) నేనూ చాలా గీశాను. అందుకే ఆ ప్రశ్న కొంచెం గుచ్చుకుంది. ఆవిడకు తెలిసిన లెక్కలోనే చెప్పడం మొదలుపెట్టాను.

తిరుమల వెళ్లే ముందు మనం పేపర్లో ఏం చూస్తాం? వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. మొదటిది జరిగిపోయినదాని లెక్క, ఎవరైనా వెళ్లి చూసి చెప్పవచ్చు. రెండోది జోస్యం. ఇప్పటిదాకా క్యూ ఎంత వేగంగా కదిలిందో చూసి, ఇకముందూ అలాగే కదులుతుందని నమ్మి చెప్పే మాట. ఫోనులోని గీత మొదటి లెక్కనే చూపిస్తుంది. మనం మాత్రం దాన్ని రెండో లెక్కగా చదువుకుంటాం. సగం నిండిందంటే సగం సమయం అయిపోయిందనుకుంటాం. కానీ సగం కంపార్ట్‌మెంట్లు దాటాక నైవేద్యం వేళ అయితే? క్యూ ఆగిపోతుంది. దాటిన కంపార్ట్‌మెంట్ల సంఖ్య తప్పు కాదు, మన జోస్యమే తప్పింది.

ఈ పొరపాటు మనకు బడిలోనే అలవాటు చేశారని నా అనుమానం. "పదిమంది కూలీలు ఒక గోడను ఆరు రోజుల్లో కడితే..." అనే కాలం-పని లెక్కల్లో ఏ కూలీకీ జ్వరం రాదు, సిమెంటు అయిపోదు, వాన పడదు. వేగం ఎప్పుడూ మారదు. ఆ లెక్కలు చేసిన పిల్లలే పెద్దయి ఈ గీతలు గీస్తున్నారు.

ఇప్పుడు ఆ జోస్యం ఎలా పుడుతుందో చూద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. వీడియోలో ఇంకా 100 మెగాబైట్లు మిగిలాయి, ఇప్పటిదాకా సెకనుకు 4 మెగాబైట్ల చొప్పున వెళ్లాయి అనుకుందాం. మిగిలిన సమయం 25 సెకన్లు. అంతలో మీరు లిఫ్టు ఎక్కారు, వేగం సెకనుకు అర మెగాబైటుకు పడిపోయింది. ఏ క్షణం వేగాన్ని ఆ క్షణం నమ్మితే అంకె 25 నుంచి ఒక్కసారిగా 200కు ఎగురుతుంది, సిగ్నల్ రాగానే మళ్లీ 25కు దూకుతుంది. చూసేవాళ్లకు మతి పోతుంది. అందుకని పాత అంచనాకు 80 పాళ్లు, కొత్త కొలతకు 20 పాళ్లు విలువ ఇచ్చి కలుపుతాం. మొదటి సెకను తర్వాత మన అంచనా వేగం 3.3, రెండో సెకను తర్వాత 2.74, ఐదో సెకనుకు సుమారు 1.65, పదో సెకనుకు 0.88. దాంతో తెర మీద మిగిలిన సమయం 25 నుంచి మెల్లగా పెరిగి ఐదో సెకనుకు 59, పదో సెకనుకు 108 అవుతుంది. గడియారం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించేది ఇందుకే. కొత్త కొలతకు ఎక్కువ విలువ ఇస్తే అంకె గంతులేస్తుంది, తక్కువ ఇస్తే నిజం ఆలస్యంగా తెలుస్తుంది. ఆ 80-20ని ఎటు జరిపినా ఏదో ఒక తిట్టు తప్పదు.

పైగా మొదట్లో కనిపించే వేగమూ నమ్మదగింది కాదు. 1988లో వాన్ జాకబ్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతిలో ఇంటర్నెట్ సంబంధం మొదట కొన్ని ముక్కలే పంపి, అందాయని రసీదు వచ్చేకొద్దీ రెట్టింపు చేసుకుంటూ పోతుంది. దారి ఎంత వెడల్పో ముందే తెలియదు కాబట్టి తడుముకుంటూ నడుస్తుందన్నమాట.

ఇక పిన్నిగారి ఒక్క శాతం. యాప్ లెక్కపెట్టేది తాను ఇచ్చిన బైట్లను. ఎవరికి ఇచ్చింది? ఫోనునంతా నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌కు, అంటే ఫోనులోనే ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు. అది వాటిని ఒక తాత్కాలిక నిల్వలో ఉంచి, వీలునుబట్టి బయటికి పంపుతుంది. ఉత్తరం డబ్బాలో వేయగానే చేరిపోయిందని రాసుకున్నట్టు, యాప్ "అయింది" అని రాసేసుకుంటుంది. చివరి ముక్క నిజంగా అవతలికి చేరాక సర్వర్ (యాప్ కంపెనీ వాళ్ల కంప్యూటర్) పని మొదలవుతుంది: ఫైలు చెడకుండా వచ్చిందా అని సరిచూడటం, పెద్ద తెరకూ చిన్న తెరకూ సరిపడేలా వీడియోను రకరకాల సైజుల్లోకి మార్చడం, భద్రపరచడం, "సరే" అని జవాబు పంపడం. ఫోనుకు ఇవేవీ కనిపించవు, ఆ జవాబు వచ్చేదాకా గీత 99 దగ్గరే ఆగుతుంది. కంపార్ట్‌మెంట్లన్నీ దాటేశాం, వంద శాతం అనుకుంటాం. గుడి చుట్టూ తిరిగే వరుస, మహాద్వారం, వెండివాకిలి, బంగారువాకిలి ఇంకా ముందే ఉన్నాయి. అసలు తోపులాటంతా అక్కడే.

అసలు కొలతే దొరకనప్పుడు మావాళ్లు చేసే కొంటె పని ఒకటుంది. ప్రతి టిక్కుకూ, అంటే గీతను జరిపే ప్రతిసారీ, మిగిలిన దూరంలో పదో వంతు మాత్రమే జరపడం. 10, 19, 27.1... ఇలా 22 టిక్కులకు 90 శాతం దాటుతుంది, 44 టిక్కులకు 99 దాటుతుంది, వంద మాత్రం ఎన్నటికీ చేరదు. అందరూ తలపట్టుకునేలా గ్రీకు తాత్వికుడు జీనో చెప్పిన, గమ్యం ఎన్నటికీ చేరని పరుగు పందెమే ఇది. నిజంగా పని అయిందని కబురు వచ్చినప్పుడు ఒక్క దూకుతో నింపేస్తాం. ఇది మోసమా? నా లెక్కలో సగం మోసమే.

జనం అబద్ధాన్నీ ఇష్టపడతారనడానికి ఆధారాలున్నాయి. ఎంత శాతం అయిందో చూపే గీత ఉంటే మనుషులు దాన్నే కోరుకుంటారని 1985లో బ్రాడ్ మయర్స్ అనే కంప్యూటర్ పరిశోధకుడు చూపించారు. 2010లో క్రిస్ హారిసన్ అనే మరో పరిశోధకుడి బృందం గీత లోపల వెనక్కి జారే అలల్లాంటి చారలు పెట్టి చూసింది. అంతే సమయం 11 శాతం తక్కువగా అనిపించింది. గీత చివర్లో వేగం పుంజుకుంటే ఇష్టపడతారని, చివర్లో ఆగితే చిరాకు పడతారని అదే పరిశోధకుడి 2007 నాటి ప్రయోగం చెప్పింది. అంటే 99 దగ్గర ఆగే గీత, ఉండగలిగిన గీతల్లో అతి చెడ్డది.

ఈ ఆగుడు చుట్టూ ఆచారాలు కూడా పుట్టాయి. పిన్నిగారు ఫోనును కిటికీలో పెట్టి, స్క్రీన్ ఆపేసి, దాని వైపు చూడరు. చూస్తే నిలిచిపోతుందట. కిటికీలో కొంత నిజముంది, కాంక్రీటు గోడలు సిగ్నల్‌ను బలహీనపరుస్తాయి. కానీ స్క్రీన్ ఆపితే బ్యాటరీ మిగల్చడానికి కొన్ని ఫోన్లు వెనకాల నడిచే పనినే ఆపేస్తాయి. చూడటమే మేలు.

యూపీఐ చెల్లింపులో శాతం ఎందుకు చూపరని మీరు అడగవచ్చు. కొబ్బరిబొండాల బండి దగ్గర ఆ పది సెకన్లలో మీ బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ, బండివాడి బ్యాంకు మాట్లాడుకోవాలి. ఎవరి జవాబు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అక్కడ గుండ్రంగా తిరిగే చక్రమే నిజాయితీ. ఏమీ తెలియదని ఒప్పుకుంటుంది.

పిన్నిగారి పుణ్యమా అని గత వారం నేను పనిచేసే యాప్‌లో లెక్క మార్చాను. పంపడానికి 70 శాతమే కేటాయించి, మిగిలిన 30 సర్వర్ పనికి ఉంచి, "వీడియో చేరింది, సిద్ధం చేస్తున్నాం" అని ఒక వాక్యం కూడా పెట్టాను. గర్వంగా పిన్నిగారి ఫోనులో చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూశారు.

"బాగుంది నాయనా. ఇప్పుడు డెబ్బై దగ్గర ఆగుతోంది."