రికార్డుల లెక్క సరిగ్గానే ఉంది, డిస్క్ ఎందుకు చాల్లేదు?

కొత్త ప్రాజెక్టు మొదలవుతుందంటే డేటాబేస్ చూసేవాళ్లని ముందుగా అడిగేది డిస్క్ ఎంత కావాలనే. అప్పటికి టేబుళ్లు కూడా ఖరారై ఉండవు, అయినా ఏదో ఒక అంకె చెప్పాలి. రికార్డుకి ఇన్ని బైట్లు, ఇన్ని కోట్ల రికార్డులు, రెండూ గుణించి, ధైర్యం కోసం ఇంకాస్త కలిపి పంపేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే పంపాను. ఒకసారి నేను చెప్పిన రికార్డుల సంఖ్య దాదాపు కుదిరింది కానీ డిస్క్ మాత్రం గడువుకి చాలా ముందే నిండిపోయింది. ఎందుకా అని వెతుక్కుంటూ పోతే, ఆ గుణకారం డేటాబేస్‌లు రాకముందు నాటిదని అర్థమైంది.

1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. అప్పటి ఫైళ్లలో ఎక్కువ భాగం ఒకే పొడవున్న రికార్డులే, ఒకదాని వెనక ఒకటి. అక్కడ గుణకారం సరిపోయేది. సంవత్సరానికి రెండంకెలే రాసే అలవాటు కూడా ఆనాటి పొదుపులోంచి వచ్చిందే, 2000 దగ్గరపడేసరికి దాన్ని ప్రపంచమంతా దిద్దుకోవాల్సి వచ్చింది.

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్, డేటాని టేబుళ్లుగా చూపించే రిలేషనల్ మోడల్ ప్రతిపాదిస్తూ, డేటా మెషీన్‌లో ఎలా అమరి ఉందో వాడేవాళ్లకి తెలియాల్సిన అవసరం ఉండకూడదన్నాడు. ఎంతో మంచి ఆలోచన, ఈ రోజు మనం హాయిగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) రాసుకుంటున్నామంటే దాని పుణ్యమే. కానీ మనకి కనిపించే టేబుల్ వేరు, డిస్క్ మీద ఉండేది వేరు అయిపోయింది కూడా అప్పటినుంచే. మధ్యలో పేజీలు (డిస్క్ మీద రికార్డులు పెట్టే ఒకే సైజు గళ్లు) వచ్చాయి, ఇండెక్సులు (కావాల్సిన రికార్డుని త్వరగా వెతికిపెట్టే సూచికలు) వచ్చాయి. బేయర్, మెక్‌క్రైట్ అనే ఇద్దరు పరిశోధకులు తెచ్చిన, విలువలని క్రమంలో చెట్టులా అమర్చే బీ-ట్రీ ఇండెక్సులో విలువలు క్రమం లేకుండా వచ్చి పడితే పేజీలు సగటున 69 శాతమే నిండుతాయని 1978లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఆండ్రూ యావ్ లెక్క తేల్చాడు. అంటే మూడో వంతు దాకా ఖాళీ, అదీ అంతా సవ్యంగా నడుస్తున్నప్పుడే.

పాత ఒరాకిల్ డేటాబేస్‌లో అయితే టేబుల్ తయారు చేసేటప్పుడే మొదట ఎంత జాగా, తర్వాత ఎంతెంత చొప్పున పెరగాలి అని రాసేవాళ్లం. అంచనా తక్కువైతే ఎక్స్‌టెంట్ల (అలా విడతగా ఇచ్చే జాగా ముక్కల) పరిమితి దాటి, డేటా లోడ్ చేయడం మధ్యలో ఆగిపోయేది. ఎక్సెల్ షీట్లలో సైజింగ్ ఫార్ములాలు అంతగా పెరిగింది ఆ టెన్షన్ వల్లేనని నా నమ్మకం. 1999లో వచ్చిన ఒరాకిల్ 8ఐ వెర్షన్ నుంచి ఆ బాధ చాలావరకు తగ్గింది, షీట్లు మాత్రం చేతులు మారుతూ ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 100 బైట్ల రికార్డు, కోటి రికార్డులు. గుణిస్తే 100 కోట్ల బైట్లు. కానీ ప్రతి రికార్డుకీ 24 బైట్ల హెడర్ (ఆ రికార్డు గురించి డేటాబేస్ రాసుకునే వివరాలు), పేజీలో దాని చోటు చూపించడానికి ఇంకో 4, సైజుని ఎనిమిది గుణిజానికి సర్దడానికి మరో 4, మొత్తం 132. పేజీకి 8192 బైట్లు, అందులో 24 దాని సొంత హెడర్‌కే పోతాయి, పట్టేది 61 రికార్డులు. మొత్తం 134 కోట్ల బైట్లు దాటింది. 8 బైట్ల కీ (రికార్డుని గుర్తించే విలువ) మీద ఒక్క ఇండెక్స్ పెడితే ఇంకో 22 కోట్లు. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాట 18 బైట్లు తీసుకుంటుంది, పేర్ల కాలమ్‌కి అక్షరానికి ఒక బైటని ఇంగ్లీషు లెక్క వేసుకున్నవాళ్లకి అక్కడ మరో దెబ్బ.

ఇదంతా కదలకుండా ఉన్న డేటాకి. నన్ను ముంచింది మార్పులు.

1980ల్లో బర్కిలీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ మైఖేల్ స్టోన్‌బ్రేకర్ బృందం పోస్ట్‌గ్రెస్ మొదలుపెట్టినప్పుడు, పాత రికార్డు మీద కొత్తది రాయకూడదనే నియమం పెట్టుకుంది. అప్‌డేట్ అంటే కొత్త ప్రతి రాయడమే, పాతది చరిత్రగా మిగులుతుంది. ఆ పాత ప్రతులని ఊడ్చి ఆర్కైవ్‌కి, వీలైతే ఆప్టికల్ డిస్కులకి, తరలించే పని ‘వాక్యూమ్ క్లీనర్’ది. చరిత్ర చూసే సౌకర్యం తర్వాత తీసేశారు, పాత ప్రతి మిగిలే పద్ధతీ వాక్యూమ్ అన్న పేరూ ఉండిపోయాయి. మా టేబుల్‌లో ప్రతి ఆర్డర్ స్టేటస్ ఏడెనిమిది సార్లు మారేది. ఎవరో రిపోర్ట్ కోసం తెరిచిన ట్రాన్సాక్షన్ (డేటాబేస్‌తో ఒక విడత పని) మూసేయకుండా రోజుల తరబడి వదిలేశారు, అది ఉన్నంతసేపూ, దానికి అవసరం పడొచ్చని, ఆ తర్వాత పాతబడిన ప్రతుల్లో ఒక్కదాన్ని కూడా వాక్యూమ్ తీసేయలేదు. ట్రాన్సాక్షన్ మూశాక కూడా మామూలు వాక్యూమ్ ఆ చోటుని అదే టేబుల్‌కి మళ్లీ వాడుకోనిస్తుంది తప్ప ఆపరేటింగ్ సిస్టమ్‌కి పెద్దగా తిరిగివ్వదు. తిరిగి కావాలంటే వాక్యూమ్ ఫుల్, అది టేబుల్ మొత్తాన్నీ కొత్తగా రాసి ఆ తర్వాతే పాతదాన్ని వదులుతుంది. డిస్క్ నిండిపోయినప్పుడు ఆ కొత్త ప్రతి పెట్టడానికి చోటెక్కడిది? ఆ రాత్రి ఇంకో డిస్క్ తగిలించేదాకా మేం చేయగలిగింది దాదాపు ఏమీ లేకపోయింది.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వాడేవాళ్లకి ఇదే కథ ఇంకో రూపంలో తెలుసు. టేబుళ్లన్నీ ఒకే ఫైల్లో ఉండే పాత అమరికలో ఆ ఫైలు పెరగడమే కానీ తగ్గడం ఉండేది కాదు, టేబుల్‌కో ఫైలు అన్నది డిఫాల్ట్ అయింది 5.6 వెర్షన్ నుంచి.

ఇప్పుడు నేను అంకె చెప్పే ముందు అసలు డేటాలో కొంత లోడ్ చేసి, దాని మీద అప్లికేషన్‌ని నాలుగు రోజులు నడిపించి, అప్పుడు ఇండెక్సులతో సహా సైజు కొలుస్తాను. దాన్ని మొత్తం రికార్డుల సంఖ్యకి తగ్గట్టు పెంచి వేశాక, అన్నిటికంటే పెద్ద టేబుల్ దాని ఇండెక్సులతో సహా ఇంకోసారి పట్టేంత ఖాళీని విడిగా ఒక వరుసలో రాస్తాను. ఆ వరుస ఎందుకని అడిగిన ప్రతివాళ్లకీ ఆ రాత్రి గురించి చెబుతాను.