హెన్రీ ఉత్తరాలు ఎవరింట్లో దొరికాయి?

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లకి హెన్రీ అనగానే ప్రేరకత్వం (కరెంటు మార్పుని తీగచుట్ట ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) లెక్క చివర మార్కు పోకుండా రాసే యూనిట్ గుర్తొస్తుంది. ఆ పేరుని 1893లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో ఖాయం చేశారు. అప్పటికి అసలు హెన్రీ పోయి 15 ఏళ్లు. పూర్తి పేరు జోసెఫ్ హెన్రీ. 1797లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టి, అక్కడి అకాడమీలోనే పాఠాలు చెప్పి, తర్వాత ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1846 నుంచి 1878లో చనిపోయేదాకా వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ అనే పరిశోధన సంస్థకి కార్యదర్శి. ఇదంతా ఎక్కడైనా దొరికే సమాచారమే. నన్ను పట్టుకున్నది ఆయన ఉత్తరాల కథ, ఎందుకంటే ఆయన జాగ్రత్తగా దాచుకున్నవి ఒక్క పూటలో కాలిపోయాయి.

1865 జనవరి 24న జరిగిందది. స్మిత్సోనియన్ భవనం పై అంతస్తులో బొమ్మల గ్యాలరీ ఉండేది. అక్కడ పటాలు సర్దుతున్న పనివాళ్లు చలికి తట్టుకోలేక అంతకుముందే ఒక స్టవ్ పెట్టుకున్నారు. దాని గొట్టాన్ని చిమ్నీలోకే దూర్చామనుకున్నారు, కానీ అది వెళ్లింది గోడ లోపలున్న ఖాళీలోకి. మంట పైకప్పుని అందుకునేదాకా ఎవరికీ తెలియలేదు. గ్యాలరీ పోయింది, ఉపన్యాసాల హాలు పోయింది, ఈ సంస్థ కోసం తన ఆస్తి రాసిచ్చిన జేమ్స్ స్మిత్సన్ కాగితాలు కూడా పోయాయి (ఆయన బతికుండగా ఒక్కసారి కూడా అమెరికాలో అడుగుపెట్టలేదు, ఆయన కాగితాలు మాత్రం సముద్రం దాటొచ్చి మరీ బూడిదయ్యాయి). హెన్రీ ఆఫీసు గదిలో ఉన్నవన్నీ పోయాయి. పంపిన ఉత్తరాల నకళ్లు 35,000 పేజీలు, వచ్చిన ఉత్తరాలు 50,000 పేజీలు అని తర్వాత లెక్క తేల్చారు.

అయినా హెన్రీ ఉత్తరాలు ఇవాళ మనం చదవగలుగుతున్నాం. ఉత్తరం ఎప్పుడూ రాసినవాడి దగ్గర ఉండదు కదా, అందుకున్నవాడి ఇంటికి చేరుతుంది. హెన్రీ రాసినవి ఏల్ కాలేజీలో ప్రొఫెసర్ బెంజమిన్ సిల్లిమన్ దగ్గర, ఇంగ్లండ్‌లో స్నేహితుల దగ్గర, అత్తమామల వైపు చుట్టాల దగ్గర, ఇలా ఎక్కడెక్కడో పడి ఉన్నాయి. వాటన్నిటినీ వెతికి పట్టుకోవాలని 1960ల్లో స్మిత్సోనియన్, అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ, నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి ఒక ప్రాజెక్టు పెట్టాయి. నేథన్ రైన్‌గోల్డ్ సంపాదకుడిగా మొదటి సంపుటం 1972లో వచ్చింది, 11వది 2007లో. అంటే హెన్రీ స్మిత్సోనియన్‌లో ఉద్యోగం చేసిన కాలం కన్నా ఆయన కాగితాలు అచ్చువేయడానికి పట్టిన కాలమే ఎక్కువ!

ఇంతకీ అంత ఓపిక దేనికి? ఒక నిప్పురవ్వ కథ చెబితే అర్థమవుతుంది. ఆల్బనీలో హెన్రీకి రోజంతా పాఠాలే. పెద్ద గది ఖాళీగా దొరికేది ఆగస్టు సెలవుల్లో, అప్పుడే ప్రయోగాలు. నూలు దారం చుట్టిన రాగి తీగని ఇనుము మీద పొరలు పొరలుగా చుట్టి, 1831లో సిల్లిమన్ కోసం ఏల్‌కి ఒక విద్యుదయస్కాంతం చేసి పంపాడు. దాని బరువు 27 కిలోలు ఉంటుంది, ఎత్తింది 900 కిలోలకి పైనే. ఆ పనిలో ఉండగానే ఆయన కంట పడిందొకటి. చిన్న బ్యాటరీ రెండు కొసలనీ పాదరసం గిన్నెల్లో ముంచి, వాటి మధ్య ఒక అడుగు రాగి తీగ పెట్టి తీస్తే ఏమీ కనిపించదు. అదే 30, 40 అడుగుల తీగ పెట్టి ఒక కొసని పాదరసంలోంచి పైకి లాగితే చురుక్కుమని ఒక నిప్పురవ్వ! తీగని చుట్టగా చుడితే ఆ రవ్వ ఇంకా పెద్దది. బ్యాటరీ అదే, పొడుగు తీగలోంచి నిజానికి తక్కువ కరెంటే పోతుంది, మరి ఈ రవ్వ ఎక్కణ్నుంచి వచ్చినట్టు? తీగలో పారే కరెంటు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కరెంటు తెగ్గానే ఆ క్షేత్రం కూలిపోతూ, అదే తీగలో కరెంటుని ఇంకాసేపు ముందుకు నెట్టాలని చూస్తుంది. దీన్నే స్వయం ప్రేరణ అంటాం. పాత ట్యూబ్‌లైట్ల చోక్ చేసిన పని కూడా ఇదే. స్టార్టర్ టిక్కుమని తెరుచుకోగానే చోక్ ఒక్కసారిగా పెద్ద వోల్టేజీ ఇస్తుంది, ట్యూబు వెలుగుతుంది.

హెన్రీ దీన్ని 1832లో గానీ ప్రచురించలేదు. అదీ లండన్‌లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణ (మారే అయస్కాంత క్షేత్రం తీగలో కరెంటు పుట్టించడం) కనిపెట్టాడని పత్రికలో చదివి, ఉలిక్కిపడి, హడావిడిగా. ఆ ప్రేరణని ఎవరు ముందు చూశారన్న తగువు అక్కడే మొదలు. ఫారడేకి రోజువారీ డైరీ ఉంది, తేదీలతో సహా. హెన్రీ ప్రయోగాల పుస్తకం మొదలయ్యేది ప్రిన్స్‌టన్‌కి వెళ్లాక, 1834లో. ఆల్బనీ రోజులకి దిక్కు ఆ అచ్చయిన వ్యాసాలు, ఈ ఉత్తరాలే. నా మటుకు నాకు ప్రేరణ విషయంలో ఫారడేకి దక్కాల్సింది ఫారడేకే దక్కిందనిపిస్తుంది. ముందు చూసి బీరువాలో పెట్టుకున్నవాడికి మార్కులు వేయలేం. స్వయం ప్రేరణ మాత్రం హెన్రీదే, దాంట్లో పేచీ లేదు.

టెలిగ్రాఫ్ మోర్స్‌తో (మోర్స్ కోడ్‌కి పేరిచ్చినాయనే) గొడవ ఇంకో రకం. 1842 ఫిబ్రవరి 24న హెన్రీ మోర్స్‌కి ఒక ఉత్తరం రాశాడు. టెలిగ్రాఫ్‌కి కావలసిన సైన్సు పక్వానికొచ్చింది, డబ్బు సమకూరితే విజయం ఖాయం, మీ పద్ధతే నాకు నచ్చింది అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. అదే ఉత్తరంలో, ఈ ఆలోచన కరెంటు గురించి తెలిసిన ఎవరికైనా తట్టేదే అని మెత్తగా ఒక చురక కూడా పెట్టాడు. మోర్స్ ఆ ఉత్తరాన్ని ప్రభుత్వ సొమ్ము కోసం చేసుకున్న అర్జీలో వాడుకున్నాడు, 1843లో 30,000 డాలర్లు వచ్చాయి, మరుసటేడు వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి లైను నడిచింది. తర్వాత పేటెంటు కేసుల్లో హెన్రీ సాక్ష్యం చెప్పాల్సి వచ్చేసరికి మోర్స్‌కి కోపం నషాళానికంటింది. హెన్రీ వల్ల తనకి ఒరిగిందేమీ లేదంటూ 1855లో ఒక పెద్ద వ్యాసం అచ్చువేశాడు. స్మిత్సోనియన్ పాలకమండలి కమిటీ వేసి విచారించి హెన్రీ పక్షాన నిలిచింది. మోర్స్ చేతికిచ్చిన పొగడ్త ఉత్తరమే చివరికి మోర్స్ మాటకి అడ్డం తిరిగింది.

హెన్రీ అన్న మాటలు కొన్ని ఆయన కాగితాల్లో అసలు వెతకనక్కర్లేదు. 1875 మార్చిలో 28 ఏళ్ల కుర్రాడొకడు ఆయన దగ్గరికొచ్చి, తీగ మీద మనిషి గొంతు పంపొచ్చన్న ఆలోచన చెప్పి, నాకు విద్యుత్తు గురించి తగినంత తెలీదు సార్ అని గొణిగాడు. 77 ఏళ్ల హెన్రీ జవాబు ఒక్కటే: నేర్చుకో! ఇది మనకి తెలిసింది ఆ కుర్రాడు అమ్మానాన్నలకి రాసిన ఉత్తరం వల్ల. కుర్రాడి పేరు అలెగ్జాండర్ గ్రాహం బెల్.

ఇవన్నీ పేరున్నవాళ్ల సంగతులు. ప్రిన్స్‌టన్ కాలపు కాగితాల్లో నన్ను ఆపేసిన పేరు శామ్ పార్కర్. నల్లజాతివాడు, బానిస కాదు, జీతానికి పనిచేసే మనిషి. 1840లో కాలేజీ ట్రస్టీలు ఆయన్ని హెన్రీకి సహాయకుడిగా పెట్టారు. బ్యాటరీల ఆసిడ్ పని, శుభ్రం చేయడం, ప్రయోగాల సామాన్లు సర్దడం అన్నీ ఆయనే. మీటర్లు సరిగా లేని కాలం కాబట్టి కరెంటు ఎంత వచ్చిందో ఒంటికి తగిలిన షాకుతోనే కొలిచేవాళ్లు, ఆ షాకుల్లో పార్కర్ వాటా కూడా ఉంది. ట్రస్టీలు నాకొక వస్తువు ఇచ్చారు, అది లేకుండా ఇప్పుడు నాకు గడవదు అన్న ధోరణిలో హెన్రీ ఒక ఉత్తరంలో రాశాడు. వస్తువు! మనసున్న మనిషి, దైవభక్తుడు, అయినా ఆ కాలం ఆయన చేత అలా రాయించింది అనుకుని సరిపెట్టుకోవచ్చేమో గానీ నాకు మింగుడుపడలేదు. 1842 జూన్‌లో పార్కర్‌కి జబ్బు చేస్తే ప్రయోగాలు ఆగిపోయాయి. హెన్రీ అచ్చువేసిన శాస్త్ర వ్యాసాలు ఎన్ని తిరగేసినా ఈ ఆగిపోవడం కనిపించదు. నాలుగు నుంచి ఆరు వరకు సంపుటాలు ఆ ఏళ్లవే, హెన్రీ కోసం తెరిచినా పార్కర్ పేరు వచ్చిన చోటల్లా కాస్త ఆగి చదవండి.