పోడు, పట్టా, పత్తి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇప్పుడు అడవి కొట్టి దున్నుకుంటే ఎప్పటికైనా పట్టా వస్తుంది.

రాదు. భద్రాద్రి కొత్తగూడెం పల్లెల్లో భూమి అభివృద్ధి పనుల మీద తిరిగే నాకు ఈ మాట వినని వారం ఉండదు. 2023లో తెలంగాణలో పోడు పట్టాలు, అంటే అడవి కొట్టి సాగుచేసుకుంటున్న భూమికి హక్కు పత్రాలు, పంచారు కదా, అప్పటి నుంచి "ఇంకో విడత ఉందట" అని ఒకటే పుకారు. ఎన్నికలొస్తే దానికి రెక్కలొస్తాయి. 2006 అటవీ హక్కుల చట్టంలో గిరిజనులకైతే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి స్వాధీనంలో ఉండాలి. ఎంత సాగులో ఉన్నా 4 హెక్టార్లు దాటి ఇవ్వరు. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీదే బతికినట్టు రుజువు చూపాలి. నిరుడు కొట్టిన చెలకకు వచ్చేది కేసు.

నాకు తెలిసిన ఒకన్న ట్రాక్టర్ కిరాయికి, కూలీలకు వడ్డీకి తెచ్చి ఎకరన్నర చదును చేశాడు. పత్తి మొలకెత్తాక అటవీ శాఖవాళ్లు అడ్డంగా కందకం తవ్వేశారు. ఇప్పుడు కేసు వాయిదాకు పోయినప్పుడల్లా ఆ రోజు కూలి పోతుంది. ఇంటి పక్కనే పట్టా ఉన్న రెండెకరాల్లో మట్టి వానకు కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. తెచ్చిన అప్పులో సగం పెట్టినా వాలుకు అడ్డంగా రాతికట్టలు పడేవి, పత్తి మధ్య కంది సాళ్లు వేసుకునేవాడు.

2005కు ముందు నుంచీ దున్నుతున్నవాళ్లు మాత్రం ఈ మాటలకు బెంబేలెత్తకండి. దరఖాస్తు పరిశీలన ముగిసేదాకా ఖాళీ చేయించకూడదని చట్టంలోనే ఉంది. తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి. గ్రామసభ, సబ్ డివిజన్ కమిటీ నిర్ణయాల మీద 60 రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు.

అపోహ: పట్టా చెలకలో చెట్లుంటే భూమి గుంజుకుంటారు.

ఈ భయంతో ఇప్పచెట్లకు చుట్టూ బెరడు ఒలిచి నిలువునా ఎండబెడుతున్నారు. "చెట్టుంటే అడివే అంటరట గద సారూ" అని ఒక పెద్దమ్మ కొడవలి పట్టుకునే అడిగింది. చెట్టుందని పట్టా రద్దు కాదు పెద్దమ్మా, ఇప్పపువ్వు ఏరుకుని అమ్ముకునే హక్కు కూడా ఆ అటవీ హక్కుల చట్టమే ఇచ్చింది అని చెప్పాను. నమ్మిందో లేదో గానీ, ఆ చెట్టు ఇంకా ఉంది.

అపోహ: దిగుబడి పెరిగితే అడవి దానంతటదే నిలుస్తుంది.

ఇది ఆఫీసుల్లో పుట్టింది. 2022లో పత్తి క్వింటాలు 10,000 దాటినప్పుడు ఊళ్లలో అందరి చూపూ అడవి అంచు మీదే. లాభమొచ్చే పంట ఇంకో ఎకరం అడుగుతుంది. గ్రామసభ కూర్చుని అడవి హద్దు తేల్చుకోకుండా విత్తనాలు, బోర్లు ఇస్తే ఆ అంచు ఇంకా లోపలికి జరుగుతుంది.

మిగతావి గబగబా. ఎక్కువ పండించాలంటే ఎక్కువ యూరియా? వాలు నేలలో ఒకేసారి చల్లితే వానకు కొంత వాగు పాలే. మట్టిలో మిగిలిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడై పైకి పోతుంది. వేడి పెంచడంలో అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 270 రెట్లు. తేమ చూసి దఫాలుగా వేయండి. అడవి పోతే టేకు నాటితే సరి? వరస టేకులో ఇప్పపువ్వూ రాలదు, తునికాకూ దొరకదు.

కార్బన్ డబ్బులు, అంటే చెట్లు పెంచి గాలిలోని కార్బన్‌ను పట్టి ఉంచినందుకు ఇచ్చేవి, వచ్చే ఏడాదే ఖాతాలో పడతాయా? చెట్లు పెరగాలి, కొలవాలి, ఎవరో తనిఖీ చేయాలి, కొనేవాడు దొరకాలి. ఏళ్లు పడుతుంది. ఒప్పంద పత్రం గ్రామసభలో తెలుగులో చదివించాకే వేలిముద్ర వేయండి. అంతవరకు ఆధార్ జిరాక్సు కూడా ఇవ్వకండి.