ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయి? లైనక్స్ సర్వర్ల దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ తిరుగుతూ రైస్ మిల్లుల్లో, కాలేజీల్లో, ఆస్పత్రుల్లో లైనక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. ఫోన్ ఎత్తితే చాలు, "అన్నా, ప్యాకెట్లు పోతున్నయ్, నెట్ ఆగి ఆగి వస్తుంది" అంటారు. ప్యాకెట్ అంటే నెట్‌వర్క్ మీద ప్రయాణించే డేటా ముక్క. పోతున్నాయి సరే, ఎక్కడ పోతున్నాయి? ఆ ఒక్క మాట అడగకుండానే రౌటర్ మార్చేస్తారు, ప్లాన్ పెంచుకుంటారు, సర్వర్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కిస్తారు. అంత డబ్బు, అంత టైమ్ ఊరికే పోతుంటే బాధేసి ఇది రాస్తున్నా. ప్యాకెట్ పడిపోయే చోటు ఏదో ఒకటి ఉంటుంది, చాలాసార్లు ఆ చోటే దాని లెక్క కూడా రాసి పెట్టి ఉంటుంది. చదవడమే మిగిలింది.

అపోహ: ప్యాకెట్ పోయిందంటే నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్ల తప్పే.

మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లులో వేబ్రిడ్జి రూమ్ నుంచి ఆఫీసుకు బిల్లులు వెళ్లడం లేదు. పొద్దున బాగుంటుంది, మిల్లు ఆడించగానే మొదలు. సేటు అప్పటికే రెండు కనెక్షన్లు మార్చాడు. కానీ వేబ్రిడ్జి కంప్యూటర్ నుంచి ఆఫీసు సర్వర్‌కు వెళ్లే దారిలో ఇంటర్నెట్టే లేదు, మధ్యలో ఉన్నది ఒక కేబుల్, ఒక స్విచ్. సర్వర్‌లో ఈత్‌టూల్ (నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపే కమాండ్) గణాంకాలు తెరిచి చూస్తే సీఆర్‌సీ ఎర్రర్లు నిమిషానికి వందల్లో పెరుగుతున్నాయి. సీఆర్‌సీ ఎర్రర్ అంటే ప్యాకెట్ వచ్చింది గానీ దారిలో చెడిపోయి వచ్చింది అని. కేబుల్ వెంట నడుచుకుంటూ పోతే, మోటార్లకు వెళ్లే త్రీ ఫేజ్ వైర్లతో కలిపి కట్టేశారు, పైగా పొడవు 100 మీటర్లు దాటింది. ఈథర్నెట్ రాగి కేబుల్‌కు 100 మీటర్లే హద్దు. ఫైబర్ వేయించాం, రెండు వైపులా ఫైబర్‌ను మామూలు కేబుల్‌కు కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టాం, ఆ రోజుతో గొడవ తీరింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. సీఆర్‌సీ లెక్క అందుకునే వైపే పెరుగుతుంది, పంపే వైపు అంతా శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే రెండు చివరలా చూడాలి. లింక్ స్పీడ్ కూడా చూడండి. గిగాబిట్‌కు కేబుల్‌లో నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. 1000 చూపించాల్సిన చోట 100 చూపిస్తుంటే ముందు కేబుల్, కనెక్టర్లు అనుమానించండి.

అపోహ: ఎంటీఆర్‌లో (గమ్యం దాకా దారిలోని ఒక్కో రౌటర్ దగ్గర ఎంత లాస్, అంటే ఎన్ని ప్యాకెట్లు పోయాయో చూపే టూల్) మధ్య రౌటర్ దగ్గర 60 శాతం లాస్ చూపిస్తోంది, కాబట్టి దోషి ఆ రౌటరే.

కాదు. రౌటర్ మన ప్యాకెట్లను ముందుకు తోయడం ఒక పని, మనం అడిగితే "నేను ఇక్కడున్నా" అని జవాబివ్వడం వేరే పని. పెద్ద రౌటర్లలో మొదటి పని హార్డ్‌వేర్ చేస్తుంది, రెండోది ప్రాసెసర్ చేస్తుంది, అది కూడా సెకనుకు ఇన్నే అని పరిమితి పెట్టుకుని. నార్కట్‌పల్లి దగ్గర మీ ఫోన్ ఎవరూ ఎత్తకపోయినా బస్సు సూర్యాపేట చేరుతుంది కదా. చివరి గమ్యం దగ్గర లాస్ సున్నా ఉంటే మధ్యలో కనిపించే అంకెను వదిలేయండి. ఒక చోట మొదలైన లాస్ అక్కడి నుంచి చివరిదాకా ప్రతి వరుసలోనూ కొనసాగితేనే పట్టించుకోవాలి.

అపోహ: పింగ్ బాగానే వస్తోంది, కాబట్టి నెట్‌వర్క్ బాగానే ఉంది.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. పింగ్ అంటే అవతలి సిస్టమ్ ఉందా అని చిన్న ప్యాకెట్ పంపి జవాబు చూడడం. లైనక్స్‌లో మామూలు పింగ్ 56 బైట్ల డేటానే మోస్తుంది, హెడర్లతో (డేటా ముందుండే చిరునామా లాంటి వివరాలు) కలిపి 84 బైట్లు. అంత చిన్నది ఏ సందులోంచైనా దూరిపోతుంది. దేవరకొండలో ఒక ఆఫీసులో వెబ్‌సైట్ లాగిన్ పేజీ వస్తుంది, పేరు, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఫొటో అప్‌లోడ్ చేయగానే గిరగిరా తిరుగుతూ అలాగే ఉండిపోతుంది. పింగ్ వెయ్యిసార్లు పంపినా ఒక్కటీ పోలేదు. అక్కడి కనెక్షన్ పీపీపీఓఈ, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి. దాని హెడర్లకే 8 బైట్లు పోతాయి కాబట్టి 1500 బైట్ల ప్యాకెట్ పట్టదు, 1492 వరకే. పెద్ద ప్యాకెట్ వస్తే రౌటర్ "ఇది పట్టదు, చిన్నది పంపు" అని ఐసీఎంపీ (సిస్టమ్‌లు, రౌటర్లు ఒకదానికొకటి తప్పులు చెప్పుకునే పద్ధతి, పింగ్ కూడా ఇందులోదే) కబురు పెడుతుంది, మన సిస్టమ్ సైజు తగ్గించుకుంటుంది. కానీ ఇంతకుముందు ఎవరో సెక్యూరిటీ పేరుతో ఫైర్‌వాల్‌లో పింగ్ తప్ప మిగతా ఐసీఎంపీ మొత్తం మూసేశారు. కబురు గుమ్మం దాకా వచ్చి చచ్చిపోతోంది. మన సిస్టమ్ అదే పెద్ద ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటోంది.

కనిపెట్టడం తేలికే. ముక్కలు చేయొద్దని చెబుతూ పెద్ద పింగ్ పంపాలి, లైనక్స్‌లో దానికి పెద్ద ఎం ఆప్షన్ ఉంది. డేటా సైజు 1472 పెడితే, 28 బైట్ల హెడర్లు కలిసి 1500 అవుతుంది. అది పోకుండా 1464 పోతే మీ దారి 1492 అని తేలిపోయినట్టే. మేం ఆ ఐసీఎంపీ కబురుకు దారి వదిలాం, దానితోపాటు రౌటర్‌లో టీసీపీ (డేటా చేరిందో లేదో చూసి, పోతే మళ్లీ పంపే పద్ధతి) ఎంఎస్ఎస్‌ను, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా హద్దును, 1452 బైట్లకు కట్టడి చేశాం. దయచేసి ఐసీఎంపీ మొత్తాన్ని మూసేయకండి, అది భద్రత కాదు.

అపోహ: టీసీపీడంప్‌లో ప్యాకెట్ కనిపించింది అంటే అప్లికేషన్‌కు అందినట్టే.

టీసీపీడంప్ అంటే కార్డు మీద వచ్చీపోయే ప్యాకెట్లను చూపే టూల్, ఐపీటేబుల్స్ అంటే లైనక్స్ ఫైర్‌వాల్. లోపలికి వచ్చే ప్యాకెట్‌ను టీసీపీడంప్ ఐపీటేబుల్స్ కంటే ముందే చూస్తుంది. అంటే గేటు బయట నిలబడి వచ్చినవాళ్లను లెక్కపెడుతున్నట్టు. లోపలికి రానిచ్చారో లేదో దానికి తెలియదు. మహబూబ్‌నగర్‌లో ఒక చోట సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు బ్రాడ్‌బ్యాండ్లు. ఒక లైన్ మీద వచ్చినవాళ్లకు అన్నీ పనిచేస్తాయి, రెండో లైన్ మీద వచ్చినవాళ్లకు ఏదీ తెరుచుకోదు. టీసీపీడంప్‌లో రెండో కార్డు మీద ప్యాకెట్లు వరసగా వస్తున్నాయి, ఒక్కదానికీ జవాబు లేదు. ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ తీసేసినా అంతే. నాకు మధ్యాహ్నమంతా అక్కడే అయిపోయింది, చివరికి ఎన్‌స్టాట్ (కర్నెల్, అంటే లైనక్స్ గుండెకాయ, పెట్టుకున్న నెట్‌వర్క్ లెక్కలు చూపే కమాండ్) తెరిస్తే ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అనే లెక్క పరుగులు పెడుతోంది. ఈ ఫిల్టర్ సెట్టింగ్, ఆర్‌పీ ఫిల్టర్, విలువ 1 ఉంటే, ప్యాకెట్ పంపినవాళ్లకు తిరిగి వెళ్లే దారి అదే కార్డు మీద లేకపోతే కర్నెల్ ఆ ప్యాకెట్‌ను మాట్లాడకుండా పడేస్తుంది. లాగ్ కూడా మనం విడిగా ఆన్ చేస్తేనే వస్తుంది. ఒక్కో లైన్‌కు ఒక్కో రూటింగ్ టేబుల్ పెట్టి, వచ్చిన దారినే జవాబు పోయేలా చేస్తే కుదురుకుంది.

ఇలాంటిదే కనెక్షన్ ట్రాకింగ్ టేబుల్ (నడుస్తున్న కనెక్షన్లను కర్నెల్ రాసుకునే పట్టిక) నిండిపోవడం. అదైతే కర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో టేబుల్ ఫుల్, ప్యాకెట్ పడేస్తున్నా అని సూటిగా రాసే ఉంటుంది. చూసేవాళ్లే తక్కువ.

అపోహ: డ్రాప్డ్ లెక్క పెరిగిందంటే ప్రమాదం, బఫర్లు పెంచేయాలి.

రెండూ తప్పే. డ్రాప్డ్ అంటే పడేసిన ప్యాకెట్ల లెక్క, బఫర్ అంటే ప్యాకెట్లు తమ వంతు కోసం ఆగే చోటు. 2.6.37 కర్నెల్ నుంచి ఇంటర్‌ఫేస్ డ్రాప్డ్ లెక్కలో, మన సిస్టమ్‌కు అర్థం కాని ప్రోటోకాల్ ప్యాకెట్లు, సంబంధం లేని వీల్యాన్ (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్) ట్యాగ్‌తో వచ్చినవీ కలుస్తాయి. స్విచ్ పంపే కబుర్లకే నెమ్మదిగా పెరుగుతూ ఉండొచ్చు, దానికి టెన్షన్ అక్కర్లేదు. నిజంగా బఫర్ నిండి పోతున్నాయా అంటే ఏ బఫర్ అన్నది తేల్చాలి. నెట్‌వర్క్ కార్డు రింగ్ (కార్డు మీద వచ్చినవి మొదట ఆగే బఫర్) నిండితే ఈత్‌టూల్‌లో మిస్డ్ లాంటి పేరుతో పెరుగుతుంది. కర్నెల్ బ్యాక్‌లాగ్ (కర్నెల్ లోపలి వరుస) నిండితే సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైల్‌లో రెండో నిలువు వరుస పెరుగుతుంది, అక్కడి అంకెలు హెక్సాలో, అంటే 16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో, ఉంటాయి సుమా. అప్లికేషన్ తీసుకోక యూడీపీ (పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపని పద్ధతి) సాకెట్, అంటే అప్లికేషన్ ప్యాకెట్లు అందుకునే చోటు, నిండితే ఎన్‌స్టాట్‌లో రిసీవ్ బఫర్ ఎర్రర్లు పెరుగుతాయి. సీసీ కెమెరాలు రికార్డు చేసే ఒక సర్వర్‌లో ఈ మూడోది దొరికింది. సాకెట్ బఫర్ 212992 బైట్ల నుంచి చాలా పెంచాను, కాసేపు ఆగి మళ్లీ మొదలు. హార్డ్ డిస్క్ అంత వేగంగా రాయలేకపోతోంది, బఫర్ ఏం చేస్తుంది? డిస్క్ మార్చాకే లెక్క నిలిచింది. ఉన్నట్టుండి వచ్చే గుంపుకే బఫర్ పనికొస్తుంది.

అపోహ: ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదు.

లింక్ నిండినప్పుడు కొన్ని ప్యాకెట్లు పోవడం టీసీపీకి సంకేతం, వేగం తగ్గించుకోమని. 1986 అక్టోబర్‌లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, 400 గజాల దూరంలోని బర్క్‌లీ యూనివర్సిటీకి మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అది చూశాకే ఆ ల్యాబ్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ వాళ్లు ఈ తగ్గే పద్ధతి తెచ్చారు, 1988లో ప్రచురించారు.

అపోహ: రీబూట్ చేస్తే పోతుంది.

పోయేది సాక్ష్యం. ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ రీబూట్‌తో సున్నా అవుతాయి, సమస్య మళ్లీ వచ్చేదాకా నేను ఖాళీ చేతులతో కూర్చోవాలి. పని ఆగి రీబూట్ తప్పదంటే చేసుకోండి, కానీ అంతకుముందు ఐపీ లింక్ (డ్రాప్డ్ లాంటి లెక్కలు చూపే కమాండ్), ఈత్‌టూల్, ఎన్‌స్టాట్ లెక్కలు ఒకసారి, పది సెకన్లు ఆగి ఇంకోసారి తీసి ఫోన్‌లో ఫొటో పెట్టండి. ఆ మిర్యాలగూడ మిల్లు ఆపరేటర్ తమ్ముడు ఇప్పుడు నాకు ఫోన్ చేసేముందే ఆ ఫొటోలు పంపిస్తున్నాడు. పోయినసారి నేను నల్లగొండ నుంచి బయల్దేరకుండానే, స్విచ్‌లో ఏ పోర్టు మార్చాలో చెప్పేశాను.