భూమికి తరంగం ఉందా: ఒక ప్రశ్న నేపథ్యం

ఎలక్ట్రాన్‌కు తరంగ స్వభావం ఉన్నప్పుడు భూమికీ ఉండాలి కదా అన్నది, చెన్నై కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివే మన తెలుగు విద్యార్థులకు సహజంగా తోచే సందేహం. కదిలే ప్రతి కణానికీ తరంగం ఉంటుందని, ప్లాంక్ స్థిరాంకాన్ని (క్వాంటం సిద్ధాంతంలోని అతి చిన్న స్థిర సంఖ్య) ద్రవ్యవేగంతో, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించగా వచ్చేదానితో, భాగిస్తే దాని తరంగదైర్ఘ్యం వస్తుందని 1924లో లూయీ డీబ్రాయ్ ప్రతిపాదించగా, 1927లో డేవిసన్, జెర్మర్‌లు నికెల్ స్ఫటికం సాయంతో ఎలక్ట్రాన్ల విషయంలో దాన్ని రుజువు చేశారు. సూత్రంలో ద్రవ్యరాశికి పైహద్దు లేదు గనుక, సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగే భూమికీ లెక్క వేయవచ్చు. వచ్చే జవాబును మీటర్లలో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 62 సున్నలు పెట్టాలి. ప్రోటాన్ వ్యాసానికి 14 సున్నలు చాలు. గ్రహాల దూరాలను పరమాణు కక్ష్యల్లా అంకెల్లో ఇమిడ్చే ప్రయత్నాలు ఆగలేదు గానీ, నా దృష్టిలో అవి పొందికలే తప్ప భౌతికశాస్త్రం కాదు.

అసలు ఫలితం ఖగోళ వస్తువును ఒకే కణంగా లెక్కగట్టడంలో కాక, దాని లోపలి ఎలక్ట్రాన్లను పట్టించుకోవడంలో దొరికింది. సూర్యుడంత ద్రవ్యరాశి భూమంత పరిమాణంలో ఇమిడిన శ్వేత కుబ్జ నక్షత్రం ఎందుకు కుప్పకూలదో 1926లో బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త ఫౌలర్ వివరించాడు: ఇరుకులో చిక్కిన ఎలక్ట్రాన్ల తరంగదైర్ఘ్యం తగ్గి, ద్రవ్యవేగం పెరిగి, ఆ ఒత్తిడే గురుత్వాన్ని నిలువరిస్తుంది. 1928లో మద్రాసు వచ్చిన జర్మన్ భౌతికశాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్‌ను కలిసి, తాను నేర్చిన క్వాంటం సిద్ధాంతం అప్పటికే పాతబడిందని తెలుసుకున్న ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1930లో ఇంగ్లండుకు ఓడ ప్రయాణంలో ఫౌలర్ లెక్కకు ఐన్‌స్టీన్ సాపేక్షతను జోడించాడు. నక్షత్రపు ద్రవ్యరాశి సూర్యుడికి దాదాపు 1.4 రెట్లు దాటితే ఆ ఒత్తిడి చాలదని తర్వాత స్థిరపడింది. 1935లో పేరున్న ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ దీన్ని బాహాటంగా ఎగతాళి చేశాడు. చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి 1983లో గానీ రాలేదు.

2018లో ఖగోళ శాస్త్రవేత్త కాన్‌స్టాంటిన్ బాటిగిన్, నక్షత్రాల చుట్టూ ఉండే పళ్లెం వంటి పదార్థపు వంపులు క్వాంటం తరంగాలను వర్ణించే ష్రోడింగర్ సమీకరణాన్ని అనుసరిస్తాయని చూపినా, అందులో ప్లాంక్ స్థిరాంకానికి చోటు లేదు, పోలిక గణితానిదే. నిజమైన క్వాంటం తరంగం గెలాక్సీ స్థాయిలో ఉండగలదన్న ఊహ మాత్రం ఒకటుంది. కృష్ణ పదార్థపు (గురుత్వం ద్వారా మాత్రమే జాడ తెలిసే, కంటికి కనిపించని పదార్థం) కణం ఎలక్ట్రాన్ కన్నా సుమారు 5 పక్కన 27 సున్నలంత రెట్లు తేలికైతే, దాని తరంగదైర్ఘ్యం వేల కాంతి సంవత్సరాలకు చేరుతుందని 2000లో హూ, బర్కానా, గ్రుజినోవ్‌లు వాదించారు. అయితే దూరపు క్వేజార్ల (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) కాంతిలో హైడ్రోజన్ వదిలిన శోషణ రేఖలు అంత తేలిక కణానికి చోటు లేదనే దిశగా చెబుతున్నాయి.