బురద వాలులో బరువు చేసే ద్రోహం

వాన తడి ఆరకముందే వాలు చేనును దున్నబోతే ట్రాక్టర్ ఉన్నచోటే చక్రాలు తిప్పుతోంది, వెనక బరువులు వేస్తే పట్టు దొరకదా అని ఒక పాఠకుడు అడిగారు. బడిలో నేర్పిన సూత్రం ప్రకారం దొరకాలి: బరువు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది. బల్ల మీద చెక్కదిమ్మను లాగి చూపించి పాఠం ముగించేస్తాం. బురదను తరగతి గదిలోకి ఎవరూ రానివ్వరు!

మట్టి లెక్క వేరని 18వ శతాబ్దంలోనే కులుంబ్ చెప్పాడు (విద్యుదావేశాల పాఠంలో వచ్చే కులుంబే). మట్టి పట్టులో రెండు పాళ్లుంటాయి. ఒకటి రేణువుల మధ్య ఘర్షణ, ఇది బరువుతో పెరుగుతుంది. రెండోది సంసంజనం, అంటే మట్టి తనను తాను అంటిపెట్టుకునే బలం. దీనికి బరువుతో పనిలేదు, చక్రం ఎంత మేర నేలను తాకిందన్నదే ముఖ్యం. ఇసుకలో మొదటిదే దాదాపు అంతా. నీళ్లు నిండిన బంకమట్టిలో అది దాదాపు సున్నా. సందుల్లోని నీరు బయటికి పోవడానికి చాలా సమయం కావాలి, చక్రమేమో క్షణంలో దాటిపోతుంది. అందుకే కొత్తగా వేసిన బరువును రేణువులు కాదు, నీరు మోస్తుంది. నీటికి ఘర్షణ ఎక్కడిది?

లెక్క వేద్దాం. 3 టన్నుల ట్రాక్టర్, 15 డిగ్రీల వాలు. కిందికి లాగే బలం సుమారు 7.6 కిలోన్యూటన్లు. వెనక చక్రాలు రెండూ కలిసి 0.4 చదరపు మీటర్ల నేలను తాకుతూ, సంసంజనం 20 కిలోపాస్కల్స్ (అంటే చదరపు మీటరుకు 20 కిలోన్యూటన్లు) ఉందనుకుంటే దొరికే పట్టు 8. నాగలి లాగడానికి మిగిలింది 0.4! ఇప్పుడు అరటన్ను బరువు వేయండి. పట్టు అదే 8, కిందికి లాగేది 8.9. టైరు నొక్కుకుని కాస్త ఎక్కువ నేలను తాకే మాట నిజమే, కానీ చక్రం ఇంకా దిగబడి ఆ లాభాన్ని తినేస్తుంది.

పెంచాల్సింది తాకే వైశాల్యం: జంట చక్రాలు, వెడల్పు టైర్లు, తక్కువ గాలి.

పోనీ, వాలుకు అడ్డంగా దున్నితే? ఒకవైపు చక్రాలు 20 సెంటీమీటర్ల లోతు చాలులో నడుస్తాయి. చక్రాల మధ్య దూరం మీటరున్నర అయితే అదొక్కటే 7 డిగ్రీలకు పైగా ఒరుగు. చాలు పల్లం వైపుంటే 15 కాస్తా 22 దాటుతుంది, మిట్ట వైపుంటే 8 లోపుకు దిగుతుంది. కాకపోతే అప్పుడు నాగలి మట్టిని ఎగువకు తిరగేయాలి, దానికి ఇంకా ఎక్కువ లాగుడు కావాలి. ఆ లాగుడుకు పట్టు ఉండాలంటే నీరు దిగి, నేల పదునుకు రావాల్సిందే.