బోన్‌లెస్ చికెన్ సరే, బొమిక సంగతేంటి?

మా వీధి చివర చికెన్ షాపులో "అన్నా, కుక్కకి" అంటే చాలు, ఇంకో మాట అడగకుండా మెడలు, కాళ్లు, తోలు, మిగిలిన ముక్కలు అన్నీ ఓ నల్ల కవర్లో వేసి ఇచ్చేస్తాడు. మా బబ్లూ వచ్చిన కొత్తలో నేను ఆ కవర్ వద్దన్నాను. మనం తినని చెత్త వాడికెందుకు పెట్టాలి అని అరకిలో బోన్‌లెస్ తీసుకుని, ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టి, అన్నంలో కలిపి పెట్టేవాణ్ణి. రెండు నెలల లాబ్రడార్ పిల్ల, గిన్నె అడుగు మెరిసేదాకా నాకేవాడు, అది చూసి నేను మురిసిపోయేవాణ్ణి.

ఐదో నెలలో ముందుకాళ్లు బయటికి వంగడం మొదలైంది. ఎత్తుకుంటే కుయ్యోమనేవాడు. డాక్టర్ గారు ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టి చూపించారు. ఎముకలు తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించాలి కదా, వీడివి పక్కనున్న కండతో కలిసిపోయి బూడిద రంగులో, పెన్సిల్‌తో లేతగా గీసి చెరిపేసినట్టు ఉన్నాయి. ఏం పెడుతున్నారని అడిగారు. మంచి చికెనే సార్, బోన్‌లెస్ అన్నాను కాస్త గర్వంగానే. "అదే కదండీ సమస్య" అన్నారాయన.

లెక్క చూస్తే నిజంగానే భయం వేస్తుంది. వంద గ్రాముల బోన్‌లెస్ చికెన్‌లో ఫాస్ఫరస్ దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటే కాల్షియం పదో పదిహేనో మిల్లీగ్రాములు. కుక్క ఒంటికి మాత్రం కాల్షియం ఫాస్ఫరస్‌తో సమానంగా, లేదా కొంచెం ఎక్కువగా అందాలి. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం 10 కిలోల ఎదిగిన కుక్కకి రోజుకు సుమారు 730 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. దాన్ని చికెన్‌తోనే అందిద్దామనుకుంటే రోజుకు ఐదారు కిలోలైనా తినిపించాలి, అంటే ఆ కుక్క బరువులో సగం పైనే! పోనీ పాలు పోద్దామంటే అరలీటరుకి పైగా పోయాలి, ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర సరిగా అరగదు కాబట్టి ఇక ఆ రాత్రంతా వాడితో మెట్లు దిగడం, ఎక్కడమే మన పని. అన్నం కలుపుతున్నాం కదా అంటారేమో, అందులోనూ ఫాస్ఫరస్‌దే పైచేయి.

రక్తంలో కాల్షియం పడిపోతే గుండె, నరాలు, కండరాలు అన్నీ మొరాయిస్తాయి, కాబట్టి శరీరం దాన్ని ఎలాగైనా నిలబెట్టుకుంటుంది. మెడలో థైరాయిడ్‌ని అంటుకుని పారాథైరాయిడ్ అనే బుల్లి గ్రంథులుంటాయి. కాల్షియం తగ్గిందని వాటికి తెలియగానే ఓ హార్మోన్ వదులుతాయి, అది ఎముకల్లో దాచుకున్న కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి లాగుతుంది. జీతం రాని నెలల్లో ఎఫ్‌డీలు విరగ్గొట్టి ఇల్లు నడిపినట్టన్నమాట. బయటివాళ్లకి ఇల్లు బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది, చాలాసార్లు రక్తపరీక్షలో కూడా కాల్షియం నార్మల్ అనే వస్తుంది. ఎఫ్‌డీలు అయిపోయిన రోజున సోఫా మీంచి దూకితే కాలు విరుగుతుంది.

ఇదేం కొత్త రోగం కాదు. 1880ల చివర్లో లండన్ జూలో సింహం పిల్లలకి కొవ్వు లేని మాంసమే పెడుతుంటే ఎముకలు వంకర్లు పోయి చచ్చిపోయేవి. బ్లాండ్-సటన్ అనే సర్జన్ వాటి తిండిలో నలగ్గొట్టిన ఎముకలు, కాడ్ లివర్ ఆయిల్ చేర్పించాక కోలుకున్నాయి. సింహానికే ఒట్టి మాంసం సరిపోకపోతే ఇక మా బబ్లూ ఎంత?

అందుకే "తోడేలు వండుకుని తింటుందా, కుక్కకీ పచ్చిమాంసమే పెట్టాలి" అనేవాళ్లతో నాకు పేచీ. 1993లో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడి పుస్తకంతో ఊపందుకున్న వాదన ఇది, ఆయన కనీసం బొమికలతో సహా పెట్టమన్నాడు, మనవాళ్లు బొమికని వదిలేసి పచ్చిని పట్టుకున్నారు. తోడేలు జంతువుని పడగొట్టాక పొట్టలో పేగులు, కాలేయం, ఎముకలు, తోలు, వెంట్రుకలతో సహా తింటుంది, దానికి బోన్‌లెస్ కోసిచ్చేవాళ్లెవరూ లేరు. పైగా కుక్క తోడేలుగా మిగిలిపోలేదు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కి సంబంధించిన ఒక జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు. మనిషి పొయ్యి దగ్గర వేల ఏళ్లు కూర్చున్నందుకు వచ్చిన మార్పది. మన ఊరకుక్కలు గంజీ, ఎంగిలి మెతుకులూ తిని బతుకుతున్నాయంటే ఊరికే కాదు.

పచ్చిమాంసంతో వచ్చే ఇంకో తలనొప్పి కుక్కది కాదు, మనది. అమెరికా ఎఫ్‌డీఏ 196 పచ్చి పెట్‌ఫుడ్ నమూనాలు పరీక్షిస్తే 15 వాటిలో సాల్మొనెల్లా, 32 వాటిలో లిస్టీరియా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా దొరికాయి. కుక్క హుషారుగానే తిరుగుతూ మలంలో సాల్మొనెల్లాని బయటికి వదులుతుంటుంది, అదే మూతితో వచ్చి మన చంటిపిల్ల బుగ్గ నాకుతుంది. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అంటే, చలికి బ్యాక్టీరియా నిద్రపోతుందే గానీ చావదు. ఆ నల్ల కవర్లోని మెడల సంగతి మరీ చిత్రం: మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో, వెనకకాళ్లతో మొదలై ఒళ్లంతా చచ్చుబడే ఒక నరాల జబ్బుకి పచ్చి చికెన్, అందులోనూ మెడలతో సంబంధం కనిపిస్తోందని చూపించారు. అందులో ఉండే క్యాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా మీద వాళ్ల అనుమానం. ఇక మటన్ కొట్టులో ఊపిరితిత్తుల మీద, కాలేయం మీద నీటి బుగ్గల్లాంటివి కనిపిస్తే కోసి పక్కన పారేస్తారు, వీధికుక్కలు తినేస్తాయి. ఆ బుగ్గల్లో ఉండేది హైడాటిడ్ తిత్తుల తాలూకు పురుగు. అది కుక్క పేగులో పెరిగి, మలంలో గుడ్లు వదులుతుంది, ఆ గుడ్లు చేతుల ద్వారానో ఆకుకూర ద్వారానో మన పొట్టలోకి చేరితే మన కాలేయంలో ఏళ్ల తరబడి అలాంటి తిత్తే పెరుగుతుంది. బాగా ఉడికిస్తే ఈ గొడవే ఉండదు.

అయితే ఉడికించిన బొమిక పెట్టకూడదు, ఇక్కడే అందరం తికమక పడతాం. ఉడికిన ఎముక పెళుసెక్కి సూదుల్లా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఆదివారం బిర్యానీ అయ్యాక ప్లేట్లోని బొక్కలన్నీ కుక్క ముందు కుమ్మరించడం మనకో ఆనవాయితీ. వాటికి అంటుకున్న ఉల్లిపాయ ముద్ద ఇంకో విషం: ఉడికినా, వేగినా సరే అది కుక్క ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది, 10 కిలోల కుక్కకి 50 గ్రాములు, అంటే ఓ మోస్తరు ఉల్లిపాయలో సగం, ప్రమాదమే.

మరి ఇంట్లో వండిపెట్టడం మానేయాలా? అక్కర్లేదు, కానీ రెసిపీని గుడ్డిగా నమ్మొద్దు. కాలిఫోర్నియాలో డేవిస్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2013లో పుస్తకాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి 200 రెసిపీలు తీసి లెక్కకడితే 95 శాతం వాటిలో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువైంది. కొన్నింటిని రాసింది పశువైద్యులే! జింక్, కోలీన్, విటమిన్ ఇ లాంటివి కంటికి కనిపించవు కదా. విటమిన్ డి కూడా అంతే, పొద్దున్నే ఎండలో కూర్చోబెడితే సరిపోతుందనుకునేవాణ్ణి, కుక్క చర్మానికి మనలా దాన్ని సరిపడా తయారుచేసుకునే శక్తి లేదట, తిండిలోంచే రావాలి.

బబ్లూకి రెండు నెలలు పప్పీ ప్యాకెట్ ఫుడ్డే పెట్టమన్నారు, ఎగరకుండా దూకకుండా చూసుకోమన్నారు. ఎముకలు గట్టిపడ్డాయి, ఎడమ ముందుకాలు మాత్రం ఇప్పటికీ కాస్త వంకర. ఇప్పుడు వాడు 30 కిలోలు, మళ్లీ వండే పెడుతున్నా, డాక్టర్ రాసిచ్చిన విటమిన్ పౌడర్ కలిపి. కాల్షియానికి కోడిగుడ్డు పెంకులు: పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మిక్సీ చిన్న జార్లో ముఖానికి రాసుకునే పౌడర్‌లా మెత్తగా పడతాను, మూత తీస్తే తెల్లటి పొగలా లేస్తుంది. ఒక టీస్పూన్‌లో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, వాడికి రోజుకు ముప్పావు స్పూన్ పైచిలుకు చాలు. ఇది ఎదిగిన కుక్కల లెక్క, కుక్కపిల్లలకి చెంచా ఎత్తేముందు డాక్టర్ని అడగాలి. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు గ్రేట్ డేన్ పిల్లలకి కాల్షియం మరీ ఎక్కువ పెట్టి చూస్తే వాటి ఎముకలూ పాడయ్యాయి, ఎక్కువైనదాన్ని పీల్చుకోకుండా ఆపడం పిల్లల పేగుకి చేతకాదు. చికెన్, అన్నం, గుమ్మడికాయ, కాస్త లివర్ కుక్కర్లో పెట్టి, చల్లారాక పెంకు పొడి చల్లి పప్పుగుత్తితో మెదిపేస్తాను. మెదపకపోతే చికెన్ ఒక్కటే ఏరుకు తిని, పెంకు పొడి అంటుకున్న గుమ్మడికాయ ముక్కలన్నీ ముక్కుతో తోసి గిన్నె చుట్టూ పేరుస్తాడు.